బొగ్గుకి నేర్పిన మాటలు

ఫిబ్రవరి 9

ఇవాళ్టి నుంచి రాయక తప్పదు. కారణం ఇది: వానలు మొదలయ్యేలోగా ఈ కుక్కపిల్ల ఇల్లు కాయడం నేర్చుకోకపోతే బాబాయి టైర్ల షెడ్డుకి పంపించేస్తానని నాన్న లారీ ఎక్కుతూ అన్నాడు. షెడ్డులో కుక్కలు ఎలా బతుకుతాయో నేను చూశాను. మెడకి గొలుసు, గొలుసుకి ఇనప గుంజ, గుంజ చుట్టూ గుండ్రంగా అరిగిపోయిన నేల. మా పిల్ల అక్కడికి వెళ్ళదు. ఆ మాట పైకి అంటే ఎదురు చెప్తున్నానంటారు. కాబట్టి ఇక్కడ అంటున్నాను. వెళ్ళదు.

ఈ నోటుబుక్కు దాచాల్సిన పని లేదు. మా ఇంట్లో మొదట బడి మొహం చూసింది నేను, తర్వాత చెల్లి. చెల్లికి తన పాఠాలు చదువుకోవడానికే బద్ధకం.

పిల్ల నల్లగా ఉందని నాయనమ్మ 'బొగ్గు' అంది. ఇంకో పేరు ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఫిబ్రవరి 11

పశువుల డాక్టరమ్మ టీకా వేసి, కుక్కల పెంపకం పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. కొట్టకూడదు. కంచంలోంచి తీసి పెట్టకూడదు. ఒక్కో పనికి ఒక్కటే మాట, ఇంట్లో అందరూ అదే మాట అనాలి. చెప్పింది చేస్తే ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి.

"మీ నాన్నని, బాబాయిని పెంచినప్పుడు నా దగ్గర ఏ పుస్తకమూ లేదమ్మా" అంది నాయనమ్మ.

"తెలుస్తూనే ఉందిగా" అంది అమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

మాటలు ఖాయం చేశాం. రా. కూర్చో. ఆగు. వదులు. ఊరుకో. ఐదే ఐదు. వీధిలో మాదే చివరి ఇల్లు. వెనకంతా ఖాళీ స్థలాలు. నాన్న లారీ మీద వెళ్తే ఒక్కోసారి నెలల తరబడి ఇంటికి రాడు. డిసెంబరులో పెరట్లోంచి నీళ్ళ మోటారు ఊడదీసుకుపోయారు. ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం ఉండి, ఒక్కరికీ మెలకువ రాలేదు. ఆ మోటారు పోయిన సిగ్గుతోనే నాన్న బొగ్గుని కొన్నాడు.

ఫిబ్రవరి 16

ఇల్లంతా తుడవడమే పని.

ఫిబ్రవరి 20

బాబాయి వచ్చాడు. అన్నయ్య ఊళ్ళో లేనప్పుడు మమ్మల్ని చూసుకోవడం తన బాధ్యత అంటాడు. గేటు తాళం చెవి ఒకటి ఆయన దగ్గరే ఉంటుంది. నాన్నే ఇచ్చాడు.

బొగ్గుని మెడ తోలు పట్టుకుని గాల్లోకి లేపాడు. "ఇదా కాపలా కాసేది? ఎలకని చూసినా వణికేట్టుంది. వదినా, టీ!" అన్నాడు.

నేను బొగ్గుని ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను. "బాబాయ్, అలా ఎత్తకూడదు."

"ఓహో, పుస్తకంలో ఉందా? చదువుకున్నవాళ్ళింట్లో కుక్కని ముట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలన్నమాట."

"కావాలి" అన్నాను.

చెల్లి పుస్తకాలు తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 21

చెల్లికి పక్కింట్లో కూర్చుంటే చదువు బాగా ఎక్కుతుందట. మంచిదే.

మార్చి 4

బొగ్గు కూర్చుంది! 'కూర్చో' అనగానే, గుడ్డుముక్క కనపడకముందే, తోక కింద పరుచుకుని మరీ కూర్చుంది. చెల్లీ నేనూ గెంతాం. నాయనమ్మ మాత్రం ఇంకా "కూర్చో నాయనా, కాళ్ళు నొప్పెడతాయి, వచ్చి కూర్చో" అంటూ పొడుగ్గా చెప్తుంది. బొగ్గు 'కాళ్ళు' దాకా విని పడుకుంటోంది.

"ఒక్క మాటే అనాలి నాయనమ్మా."

"ఒక్క మాట అని ఊరుకుంటే నాకు కోపమొచ్చిందనుకుంటుంది పాపం."

మార్చి 15

నాన్న వచ్చాడు. అన్నం కలిపి కంచంలోంచే బొగ్గుకి ముద్ద పెట్టాడు. రెండో ముద్ద కోసం అది కంచం మీదకి దూకింది. చెప్పు తీసి దాని మూతి మీద ఒక్కటి వేశాడు. అది వెళ్ళి కుట్టుమిషను కింద దూరింది. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

"కొట్టొద్దు నాన్నా."

"భయం లేనిదే మాట వినదు. నిన్ను కొట్టకుండానే పెంచానా?"

"కొట్టావు. నేను నీ మాట విన్నానా?"

నాన్నకి నవ్వొచ్చేసింది. ఆయనకి కోపమూ నవ్వూ పక్కపక్కనే ఉంటాయి, అదొక్కటే మా అదృష్టం. ల్యాబులో ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడూ ఇలాగే అయింది. ముందు అరిచాడు. తర్వాత తనే లారీలో దింపాడు. రోజూ నేను ఎంతమంది రక్తం తీస్తానో డ్రైవర్లందరికీ చెప్తాడట.

మార్చి 18

నాన్న వెళ్ళాడు. బొగ్గుకి మళ్ళీ మొదట్నుంచి నేర్పుతున్నాను. చేతిలో చెప్పు లేదని చూపించి పిలవాల్సి వస్తోంది.

ఏప్రిల్ 2

స్నానాలగది గడియ ఊడిపోయింది. బాబాయి బాగుచేస్తానన్నాడు.

ఏప్రిల్ 7

'ఊరుకో' నేర్పడం కష్టం. ముందు మొరగనివ్వాలి, తర్వాత ఆపాలి. మిగతా మాటలన్నిటికన్నా ఇది ముఖ్యమని పుస్తకం అంటోంది. అరవడం ఏ కుక్కకైనా వచ్చు. ఇంటివాళ్ళు ఒక్క మాట అనగానే ఆపగలిగిందే ఇంటి కుక్క. గేటు మీద గరిటెతో కొడతాను, బొగ్గు మొరుగుతుంది, 'ఊరుకో' అని ముక్కు దగ్గర గుడ్డుముక్క పెడతాను. గుడ్డు వాసన చూస్తూ మొరగడం కుదరదు కదా. అలా మొదలు.

ఏప్రిల్ 13

గడియ ఇంకా ఊడే ఉంది. బాబాయి రోజూ వస్తున్నాడు. మరలు తేవడం మర్చిపోయానంటాడు.

ఏప్రిల్ 16

ల్యాబులో కరెంటు పోతే తొందరగా వచ్చేశాను. చెల్లి పెరట్లో నిలబడి ఉంది. తడి జుట్టు, భుజాల మీద తువ్వాలు, చేతుల్లో బొగ్గు. ఎండలో నిలబడి ఉంది, లోపలికి వెళ్ళడం లేదు. లోపల బాబాయి కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ రవికలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. నాయనమ్మ నిద్రపోతోంది.

"ఏమైంది?" అన్నాను.

"పిలవకుండా వస్తాడక్కా. తలుపు కొట్టడు. నేను లోపలున్నానని తెలిసీ తోసుకొస్తాడు. చూసుకోలేదంటాడు. ప్రతిసారీ చూసుకోలేదంటాడు."

బొగ్గు చెల్లి గడ్డం నాకుతోంది.

ఏప్రిల్ 17

ల్యాబు నుంచి వస్తూ కొత్త గడియ, మరలు, స్క్రూడ్రైవరు కొన్నాను. నేనే బిగించాను. వంకరగా వచ్చింది. పడుతోంది.

ఏప్రిల్ 18

అమ్మకి చెప్పాను. మిషను ఆగిపోయింది.

"నాకు అనుమానంగానే ఉంది" అంది.

"మరి నాన్నకి చెప్పవా?"

"మీ నాన్నకి తమ్ముడంటే ప్రాణం. చిన్నప్పుడు భుజాన వేసుకుని పెంచాడు. నా మాట నమ్ముతాడా, వాడి మాట నమ్ముతాడా? నమ్మకపోతే ఆ తర్వాత వాడు ఈ ఇంటికి ఎలా వస్తాడో ఆలోచించు."

"ఇప్పుడెలా వస్తున్నాడు?"

అమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఏమీ వినపడదు. అందుకే తొక్కింది.

ఏప్రిల్ 19

ఇది బొగ్గు గురించి రాసుకునే డైరీ. బొగ్గు గురించే రాస్తాను.

మే 6

బొగ్గుకి ఐదు నెలలు నిండాయి. చెవులు నిలబడ్డాయి, ఒకటి కొంచెం ఆలస్యంగా. గొంతు మారుతోంది. పుస్తకంలో కొత్త అధ్యాయానికి వచ్చాం. ఒక మనిషి వచ్చి గేటు కదిలించాలి. పిల్ల మొరగ్గానే భయపడ్డట్టు నటిస్తూ పారిపోవాలి. మనం పిల్లని మెచ్చుకోవాలి. తన అరుపుకి మనుషులు పారిపోతారని దానికి నమ్మకం కుదరాలి. గేటు దాటి వీధిలోకి వెంటపడనివ్వకూడదు, కరవనివ్వకూడదు. దొంగ వేషం వేసే మనిషి కొత్తవాడై ఉండాలి. తర్వాత ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు అసలే కాకూడదు. పిల్ల ఆ మనిషిని జన్మలో ఇంటివాడిగా ఒప్పుకోదు.

మే 8

కొత్త మనిషి ఎక్కడ దొరుకుతాడు? పక్కింటాయనని అడిగితే, "మీ కుక్క కోసం నేను దొంగనవ్వాలా?" అని రెండు రోజులుగా మాట్లాడటం మానేశాడు.

నాయనమ్మ ఆ వేషం తను వేస్తానంది. నాన్న వానకోటు తొడుక్కుని, మొహానికి గుడ్డ చుట్టుకుని, చేతికర్రతో గేటు మీద బాదింది. బొగ్గు పరిగెత్తుకెళ్ళి కమ్మీల సందులోంచి కోటు కొస పట్టుకుని ప్రేమగా లాగింది. నాయనమ్మ పారిపోబోయి, చెప్పు జారి, "ఓసి నీ దుంప తెగ, దొంగని నేనే, మొరుగు!" అని అరిచింది. అమ్మ నవ్వి నవ్వి గుమ్మంలోనే కూలబడింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మే 10

బాబాయిని అడిగాను.

మే 11

"ఈ పిల్లికూనకి నేను భయపడాలా? సరే, నటిస్తాలే. నాటకాల్లో వేషాలు వేసినవాణ్ణి నేను" అన్నాడు బాబాయి. సంతోషంగా ఒప్పుకున్నాడు. పుస్తకంలో ఇంటికి వచ్చేవాళ్ళు పనికిరారని ఉంది కదా అని చెల్లి గుసగుసగా అడిగింది. మే 6న దానికి చదివి వినిపించాను.

"ఏ పేజీలో?" అన్నాను.

చెల్లి నా మొహం చూసింది. తర్వాత వెళ్ళి గుడ్డు ఉడకబెట్టింది.

మే 14

బాబాయి నిజంగానే మంచి నటుడు. గోనెసంచి కప్పుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి గేటు ఊపాడు. బొగ్గు ముందు వెనక్కి జంకి, తర్వాత మొరిగింది. "అమ్మో, చచ్చాన్రో!" అని కేకలేస్తూ వీధి మలుపు దాకా పరిగెత్తాడు. వీధంతా నవ్వింది. బొగ్గు తనని తాను నమ్మలేనట్టు చూసింది. గుడ్డు మొత్తం పెట్టేశాను.

మే 22

సాయంత్రం రోజూ వస్తున్నాడు. ఆయనకి సరదాగా ఉంది. ఒకరోజు గోనెసంచి, ఒకరోజు దుప్పటి, ఒకరోజు ఏమీ లేకుండా. ఏమీ లేకుండా రమ్మన్నది నేనే. దొంగలు వేషం వేసుకుని వస్తారా ఏమిటి?

దొంగాట అయ్యాక లోపలికి వచ్చి టీ అడిగితే, ఇప్పుడే వస్తే పిల్ల నేర్చుకున్నది మర్చిపోతుంది బాబాయ్ అన్నాను. "అంతేనంటావా?" అంటూ గేటు బయటే నిలబడి తాగి వెళ్ళాడు. అమ్మ కప్పు కమ్మీల సందులోంచి అందించింది.

జూన్ 3

చెల్లి ఇంట్లోనే చదువుకుంటోంది.

జూన్ 9

ఇది వివరంగా రాయాలి.

ఆదివారం. అందరం ఇంట్లోనే ఉన్నాం. బాబాయి తాళం చెవితో గేటు తీశాడు. ఇవాళ ఆట లేదు, భోజనానికి వచ్చాడు. బొగ్గు నీడలో పడుకుని ఉంది. లేచింది. పరిగెత్తలేదు. నడిచి వెళ్ళి, తెరిచిన గేటుకి అడ్డంగా నిలబడి మొరిగింది. అది కుక్కపిల్ల గొంతు కాదు. కిటికీ అద్దం కదిలింది.

"ఏయ్, నేనే! ఒసేయ్, చూడు, నేనే!" అన్నాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. బొగ్గు వెనక్కి తగ్గలేదు. పళ్ళు చూపించింది. మీదకి దూకలేదు, ముట్టుకోలేదు. నేర్పినట్టే, గీత గీసినట్టు గేటు దగ్గరే నిలబడింది. ఆయన ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"వదినా! దీన్ని ఊరుకోమను!"

అమ్మ గుమ్మంలో ఉంది. చేతిలో సగం కుట్టిన రవిక. ఆ మాట అమ్మకి వచ్చు. అంటే బొగ్గు ఆపుతుంది. నిన్న పొద్దున్నే కరెంటు మీటరు చూసేవాడు వస్తే అమ్మే అంది, వెంటనే ఆపింది. ఇప్పుడు అమ్మ రవిక చేతుల కొలత చూస్తోంది.

"ఏమే, నువ్వు చెప్పు!" అని నా వైపు చూశాడు. నేను బొగ్గుని చూస్తూ నిలబడ్డాను.

చెల్లి నా పక్కనే ఉంది. మామూలుగా అయితే లోపలికి వెళ్ళిపోయేది. వెళ్ళలేదు.

"అమ్మా!" అన్నాడు చివరికి నాయనమ్మతో. నలభై ఏళ్ళ మనిషి, వీధిలో నిలబడి, వాళ్ళమ్మని పిలిచాడు. "నువ్వైనా చెప్పవే!"

నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నోటి వైపు వేలు చూపించింది. "మాత్ర వేసుకున్నాన్రా. కరిగేదాకా నోరు తెరవకూడదన్నాడు డాక్టరు."

అంతకు ముందు మాత్ర వేసుకోవడం నేను చూడలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచిందని ఎవరమూ అనలేదు.

బాబాయి గేటు వేసి వెళ్ళిపోయాడు. బొగ్గు వచ్చి మా నలుగురి మొహాలూ మార్చి మార్చి చూసింది. దానికేం అర్థమైందో తెలియదు. చెల్లి నేల మీద కూర్చుని దాని మెడ చుట్టూ చేతులు వేసింది.

జూన్ 10

నాయనమ్మకి ఎవరు చెప్పారు? ఎవరమూ చెప్పలేదు. ఇవాళ అడగబోతే, "నాకు కళ్ళున్నాయి. చెవులే తక్కువ" అంది. ఇక ఆ మాట ఎత్తలేదు.

జూన్ 17

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

జూన్ 24

మాంసం ముక్క తెచ్చి గేటు లోపలికి విసిరాడు. పరాయి చేతి తిండి ముట్టకూడదని బొగ్గుకి ఇంకా పూర్తిగా నేర్పలేదు. బొగ్గు దాన్ని వాసన చూసి, తినేసి, మూతి నాక్కుని, మళ్ళీ మొరిగింది. మాంసంలో విషమేమీ లేదని సాయంత్రానికి తేలింది. ఆ సాయంత్రం దాకా ఎలా గడిపానో రాయను. రేపటి నుంచి అదే పాఠం.

వెళ్తూ వెళ్తూ అరిచాడు: "అన్నయ్యకి ఫోన్ చేస్తా. సొంత తమ్ముణ్ణి గుమ్మం తొక్కనివ్వని కుక్క! ఇది షెడ్డులో గుంజకి కట్టేస్తేనే దారికొస్తుంది. కుక్కే కాదు, ఇంట్లో అందరికీ తలపొగరు ఎక్కింది. ఆ ఉద్యోగమూ మాన్పిస్తా చూడు."

"గేటు వేసి వెళ్ళు బాబాయ్" అన్నాను.

జూన్ 25

నాన్న ఫోనులో గట్టిగా అరిచాడు. వచ్చేవారం వస్తున్నాడు. కుక్క షెడ్డుకే అన్నాడు. నేను చెప్పేది వినమంటే సిగ్నల్ లేదన్నాడు. ఆయన గొంతు స్పష్టంగానే వినిపించింది.

నాకు భయం లేదు.

జూన్ 26

నాకు భయం లేదు అని నిన్న ఎందుకు రాశానో తెలియదు. భయంగానే ఉంది. అయినా బొగ్గు వెళ్ళదు.

జూలై 4

నాన్న వచ్చాడు. బాబాయిని వెంటబెట్టుకునే వచ్చాడు. మొదటి చినుకులు పడుతున్నాయి. నాన్న గేటు తీయగానే బొగ్గు తోకాడిస్తూ ఎగిరింది. మార్చిలో తిన్న చెప్పుదెబ్బ మర్చిపోయిందో, క్షమించిందో. నాన్న వెనక బాబాయి కనిపించాడు. తోక ఆగింది. మొరగడం మొదలుపెట్టింది.

"చూశావా అన్నయ్యా? చూశావా? నేను చెప్తే నమ్మలేదు!"

నాన్న చేయి చెప్పు మీదకి వెళ్ళింది. నేను ముందుకి వెళ్ళాను. "కొట్టక్కర్లేదు. 'ఊరుకో' అని చెప్పు నాన్నా. ఒక్కసారి. మామూలు గొంతుతోనే."

నాన్న నన్ను చూసి, కుక్కని చూసి, కొంచెం మొహమాటంగా "ఊరుకో" అన్నాడు.

బొగ్గు ఆపేసింది. సగం అరుపు మింగేసింది. వెళ్ళి నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని, చూపు మాత్రం బాబాయి మీదే ఉంచింది.

నాన్న మొహం వెలిగిపోయింది. దాచుకోలేకపోయాడు. "ఎవరు నేర్పారే దీనికి?"

"అక్కే" అంది చెల్లి.

"నేను ఇల్లు వదిలి ఇన్నాళ్ళయినా, నా మాట వింది!" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక, ఆయనకే ఏదో తట్టినట్టు ఆగాడు. అమ్మ వైపు తిరిగాడు. "మరి మీ మాట వినదా?"

"వింటుంది" అంది అమ్మ.

"వింటే మరి... వీడు గేటు బయట నిలబడి అరుస్తుంటే మీరంతా ఏం చేస్తున్నారు?"

వాన పెరిగింది.

"నేను అనలేదు" అంది అమ్మ. ఆవిడ చేతుల్లో కుట్టుపని లేదు, మిషను చప్పుడు లేదు. "అనకూడదనే అనలేదు."

"వదిన ఏదేదో చెప్తోంది అన్నయ్యా, ఆవిడ మాటలు..."

"నువ్వు నోరు ముయ్యరా" అంది నాయనమ్మ. "నేనూ అనలేదు. వాడు నా కడుపున పుట్టాడు. అయినా అనలేదు. ఎందుకని నన్నడక్కు. నా నోటితో చెప్పించకు."

నాన్న మా అందరినీ చూశాడు. చెల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు ఆగింది. చెల్లి తల దించుకోలేదు. అది నేర్పింది నేను కాదు.

బాబాయి వానలోనే వెళ్ళిపోయాడు. నాన్న భోజనం చేయలేదు. బొగ్గుని ఎవరూ ఎక్కడికీ పంపలేదు, పంపమనీ అనలేదు.

జూలై 6

పొద్దున్నే నాన్న లారీ సిద్ధం చేసుకుంటున్నాడు. టైర్లన్నీ సుత్తితో తట్టి చూశాడు. చూసినవే మళ్ళీ చూశాడు. నేను ల్యాబుకి వెళ్ళే బట్టల్లోనే వెళ్ళి నిలబడ్డాను. అమ్మ చెప్పలేనిది, నాయనమ్మ చెప్పనన్నది, చెల్లి పెరట్లో తడి జుట్టుతో చెప్పినది, అన్నీ చెప్పాను. ఊడిన గడియ గురించి చెప్పాను. బాబాయికి దొంగ వేషం ఎందుకు వేయించానో కూడా చెప్పాను. తెలిసే వేయించాను నాన్నా అన్నాను. ఆ ముక్క ఇక్కడ రాయడానికి కూడా ఇంతకు ముందు ధైర్యం చాలలేదు.

"వాడు నా తమ్ముడే. నా చేతుల మీద పెరిగాడే" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"చెల్లి కూడా నీ చేతుల మీదే పెరిగింది."

సుత్తి సీటు కింద పెట్టాడు. లారీ ఎక్కాడు. తలుపు వేశాడు. స్టార్టు చేయకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కింద నుంచి చూస్తే ఆయన మోచేయి ఒక్కటే కనపడుతోంది. ఆ మోచేతితోనే మాట్లాడాను.

"బొగ్గు షెడ్డుకి వెళ్ళదు. అది నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను. అడిగేది ఇంకోటి. గేటు తాళం చెవి బాబాయి దగ్గర్నుంచి తీసుకుంటావా, తీసుకోవా? ఆలోచించుకో. నేను తొందరపెట్టను. కానీ అమ్మని అడగమని తప్పించుకోకు, సిగ్నల్ లేదనకు. నువ్వు తిరిగొచ్చేది ఇరవై ఒకటిన. అంతకు ముందే, ఇరవయ్యో తేదీలోగా నాకు జవాబు చెప్పు నాన్నా. అప్పటిదాకా ఆయన గేటు దగ్గరికి వస్తే, ఈ ఇంట్లో ఎవరమూ కుక్కని ఆపం."